కాలిక్యులస్ క్లాస్ డ్రాప్ చేసే ముందు

• డ్రాప్ గడువు చూడండి. అది దాటితే చాలా అమెరికన్ హైస్కూళ్లలో ట్రాన్‌స్క్రిప్ట్ (మార్కుల రికార్డు) మీద 'డబ్ల్యూ', అంటే 'విత్‌డ్రా' (మధ్యలో మానేశారు) అని పడుతుంది.

• అప్లికేషన్ పంపేశాక మానేస్తే కాలేజీలకు మీరే రాయండి. కామన్ యాప్‌లో (చాలా కాలేజీలకు కలిపి పెట్టే ఆన్‌లైన్ అప్లికేషన్‌లో) ఈ ఏడాది క్లాసులు ఇచ్చే ఉంటారు, సగం ఏడాదికి స్కూలు పంపే మిడ్-ఇయర్ రిపోర్టులో తేడా ఎలాగూ బయటపడుతుంది. దాచారన్న అనుమానం సీ గ్రేడు కన్నా చేటు.

• ఇంజనీరింగ్ అనుకుంటే పూర్తిగా వదలకండి. ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు) కాలిక్యులస్ బీసీ నుంచి, దానికన్నా తేలికైన ఏబీకి మారొచ్చేమో కౌన్సెలర్‌ని అడగండి. బీసీలో పిల్లల్ని నలిపేసే ఇన్ఫినిట్ సిరీస్‌లు, పోలార్ కోఆర్డినేట్లు ఏబీలో లేవు.

• మారితే పాత మార్కులు వెంట వస్తాయా? ఇది అడగడమే మర్చిపోతారు.

• దిద్దిన టెస్టు పేపర్లు ముందేసుకోండి. డెరివేటివ్ సరిగ్గా తీసి, సింప్లిఫై చేసేటప్పుడు మైనస్ గుర్తు పోతోందా? అది ఆల్జీబ్రా జబ్బు, ఏబీలోనూ వదలదు.