పొక్లెయిన్ మొరాయిస్తే లోపం కరెంటుదా, హైడ్రాలిక్‌దా? తేల్చుకోవడం ఎలా?

పొక్లెయిన్ నీరసించగానే పంపును అనుమానించడం సైట్లలో పాత అలవాటు. పంపు విప్పితే మెషీన్ రోజుల తరబడి నిలిచిపోతుంది, ఖర్చు లక్షల్లోకి వెళుతుంది. కానీ తుప్పు పట్టిన కనెక్టరు, రాసుకుపోయిన వైరు, మూసుకుపోయిన ఫిల్టరు కూడా అచ్చం పంపు పోయిన లక్షణాలే చూపిస్తాయి. అందుకే స్పానరు పట్టే ముందు లోపం ఏ వైపు ఉందో తేల్చుకోవాలి. ఇక్కడ ఇచ్చిన అంకెలు 24 వోల్టుల కరెంటు, రెండు మెయిన్ పంపులు ఉన్న 20 టన్నుల తరగతి మెషీన్లకు సుమారుగా సరిపోతాయి. కచ్చితమైన అంకెలకు మీ మోడల్ సర్వీసు మాన్యువల్‌నే నమ్మండి.

ముందు ఒత్తిడి దించండి

మెషీన్‌ను చదునైన నేల మీద నిలిపి బకెట్‌ను నేలకు ఆనించండి. ఇంజిన్ ఆపి, తాళం మళ్లీ ఆన్‌లో పెట్టి, సేఫ్టీ లీవరు పనిచేసే స్థితిలో ఉంచి, జాయ్‌స్టిక్‌లను అన్ని దిక్కులకూ కొన్నిసార్లు కదపండి. తరువాత హైడ్రాలిక్ ఆయిల్ ట్యాంకు మీది బ్రీదరు (గాలి పోయే మూత) ద్వారా గాలి వదలండి.

లీకు ఎక్కడుందో వెతకడానికి చేత్తో తడమవద్దు, అట్టముక్క అడ్డం పెట్టి చూడండి. సూదిమొన అంత రంధ్రం నుంచి 300 బార్ ఒత్తిడితో చిమ్మే ఆయిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. పైకి చిన్న చుక్కే కనిపిస్తుంది, నొప్పి కూడా అంతగా ఉండకపోవచ్చు, లోపల మాత్రం కండ కుళ్లడం మొదలవుతుంది. అలా జరిగితే వెంటనే శస్త్రచికిత్స సౌకర్యం ఉన్న ఆసుపత్రికి వెళ్లి, లోపలికి హైడ్రాలిక్ ఆయిల్ దూరిందని డాక్టరుకు చెప్పాలి. తెల్లారాక చూద్దామనుకుంటే చెయ్యి పోయే ప్రమాదం ఉంది.

ఆపరేటర్‌ను అడగండి

రోజంతా లీవర్లు పట్టుకునే మనిషికి తెలిసినంత ఏ మీటరుకూ తెలియదు. అన్ని పనులూ నెమ్మదించాయా, ఒక్కటేనా? ఉన్నట్టుండి వచ్చిందా, నెలలుగా పెరుగుతోందా? బరువు పడినప్పుడు ఇంజిన్ గొంతు కుంగుతోందా? అంతకుముందు వాటర్ సర్వీసింగో, వెల్డింగో జరిగిందా?

అన్నీ నెమ్మదిస్తే అన్నింటికీ ఉమ్మడిగా ఉన్న చోట వెతకాలి: ఆయిల్ మట్టం, సక్షన్ స్ట్రెయినరు (పంపు ఆయిల్ పీల్చే చోటి జల్లెడ), పైలట్ ప్రెషరు (జాయ్‌స్టిక్ ఆదేశాన్ని వాల్వుకు చేర్చే చిన్న ఒత్తిడి), పంపు కంట్రోలు. ఒక్క పనే నెమ్మదిస్తే ఆ స్పూలు (వాల్వులో జరుగుతూ ఆయిల్ దారి మార్చే కడ్డీ), ఆ సిలిండరు, ఆ లైను రిలీఫ్ వాల్వు (ఒత్తిడి హద్దు దాటితే ఆయిల్ వదిలేది) చూడాలి. ఇంజిన్ కుంగుతుంటే ముందు డీజిల్ ఫిల్టరు, ఎయిర్ ఫిల్టరు చూడండి. ఉన్నట్టుండి వచ్చిన లోపం చాలావరకు కరెంటుది, మెల్లగా ముదిరినది అరుగుదలది.

కరెంటు వైపు

రెండు 12 వోల్టుల బ్యాటరీలు కలిపి ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు 25 వోల్టులకు పైన, నడుస్తున్నప్పుడు 27 నుంచి 28.5 వోల్టుల మధ్య చూపించాలి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు బ్యాటరీ నెగెటివ్ పోలుకూ ఇంజిన్ బ్లాకుకూ మధ్య మీటరు పెట్టండి. అర వోల్టు దాటితే ఎర్త్ కేబులు గానీ దాని బోల్టు గానీ చెడినట్టే. ఈ పరీక్ష చాలామంది చేయరు. వైరులో ఒక్క పోగు మిగిలినా మీటరు ఓమ్స్‌లో అంతా బాగున్నట్టే చూపిస్తుంది, లోడు పడితేనే దాని బలహీనత బయటపడుతుంది.

ఫ్యూజును కంటితో చూసి వదలకుండా రెండు కాళ్ల మీదా వోల్టేజి కొలవండి. బూమ్ మొదట్లో వైర్లు వంగే చోటు, పంపు గది, ఎలుకలు చేరే క్యాబిన్ అడుగు, ఈ మూడూ తప్పక చూడాలి. మానిటర్‌లో కోడు వస్తే అది చెప్పేది సర్క్యూటు పేరు మాత్రమే. సెన్సరు మార్చే ముందు కనెక్టరు దగ్గర 5 వోల్టుల సప్లై ఉందో లేదో చూడండి. ఒక సెన్సరు షార్ట్ అయితే ఆ సప్లైని పంచుకునే మిగతావీ కోడ్లు ఇస్తాయి. అప్పుడు ఒక్కొక్కటిగా పీకుతూ పోతే దొంగ దొరుకుతుంది.

రెండూ కలిసే చోటు

జాయ్‌స్టిక్ కదిపితే 35 నుంచి 40 బార్ పైలట్ ఆయిల్ వెళ్లి మెయిన్ వాల్వులోని స్పూలును నెడుతుంది. ఆ పైలట్ ఆయిల్‌ను వదిలేది, ఆపేది సేఫ్టీ లీవరుకు ముడిపడిన సొలెనాయిడ్, అంటే కాయిల్‌కు కరెంటు అందితే తెరుచుకునే వాల్వు. ఇంజిన్ నడుస్తున్నా ఏదీ కదలకపోతే మొదట ఇక్కడికే రండి.

లీవరు పనిచేసే స్థితిలో ఉంచి సొలెనాయిడ్ కనెక్టరు దగ్గర 24 వోల్టులు వస్తున్నాయేమో చూడండి. రాకపోతే లోపం స్విచ్చు, ఫ్యూజు, రిలే, వైరులలో ఒకదానిది. వస్తూ కాయిల్ తెగి ఉంటే కాయిల్ మార్చాలి. కాయిల్ టక్కుమని లాగుతున్నా పైలట్ గేజు లేవకపోతే అది హైడ్రాలిక్: ఇరుక్కున్న స్పూలు, పైలట్ ఫిల్టరు, పైలట్ రిలీఫ్, చివరికి పైలట్ పంపు. పైలట్ ఒత్తిడి కొలిచే 60 బార్ గేజును పొరపాటున కూడా మెయిన్ లైనుకు తగిలించకండి, పగిలి ముఖాన పడుతుంది.

హైడ్రాలిక్ వైపు

ఆయిల్ 50 డిగ్రీలకు చేరాక, 600 బార్ గేజు పెట్టి సిలిండరును చివరిదాకా తోసి పట్టి ఉంచితే దాదాపు 350 బార్ రావాలి. ప్రెషరు సరిగ్గా ఉండి పని నెమ్మదిగా ఉంటే పంపు చాలినంత ఆయిల్ ఇవ్వడం లేదు. అప్పుడు కూడా పంపు విప్పకండి. చాలా మోడళ్లలో పంపు కంట్రోలుకు ఎమర్జెన్సీ స్విచ్చు ఉంటుంది, అది కంట్రోలరును పక్కనపెట్టి పంపును నడిపిస్తుంది. దాని మీద మెషీన్ పుంజుకుంటే పంపు బాగానే ఉంది, లోపం కంట్రోలరు, సెన్సరు, వైర్ల వైపు ఉంది.

నడకలో మెషీన్ ఒక పక్కకు లాగుతుంటే రెండు పంపుల అవుట్‌లెట్ హోసులను అటూఇటూ మార్చి చూడండి. లాగుడు రెండో పక్కకు మారితే అనుమానం పంపు వైపు. మారకపోతే కంట్రోలు వాల్వు, సెంటర్ జాయింటు (తిరిగే పైభాగం నుంచి కిందికి ఆయిల్ చేరవేసే కీలు), ట్రావెల్ మోటారు (మెషీన్‌ను నడిపించేది) చూడాలి. ఈ మార్పిడి పరీక్షలు చేసేటప్పుడు మెషీన్ చుట్టూ ఎవరూ ఉండకూడదు.

ఉదయం బాగా పనిచేసి మధ్యాహ్నానికి నీరసపడే మెషీన్‌కు మన వేసవిలో కొదవ లేదు. వేడెక్కిన ఆయిల్ పలచబడి, అరిగిన పంపులో, మోటార్లలో లోపలే లీకవుతుంది. కానీ ముందు ఆయిల్ కూలరు చూడండి. చీమకుర్తి లాంటి గ్రానైట్ క్వారీల్లో రాతిపొడి, ఆయిల్ జిడ్డు కలిసి కూలరు రెక్కల మధ్య గట్టిగా పేరుకుంటాయి. ఫ్యాను గాలి వచ్చే దిశకు ఎదురుగా, తక్కువ ఒత్తిడితో ఊది శుభ్రం చేయండి.

అయినా తగ్గకపోతే రిటర్న్ ఫిల్టరును (ట్యాంకుకు తిరిగొచ్చే ఆయిల్‌ది), కేస్ డ్రెయిన్ ఫిల్టరును (పంపు, మోటార్ల లోపల లీకై వచ్చే ఆయిల్‌ది) కోసి మడతలు విప్పి చూడండి. ఇత్తడి రంగు పొట్టు మెరుస్తుంటే అప్పుడు పంపునో, మోటారునో విప్పాల్సిందే. కొత్తది బిగించే ముందు ట్యాంకు, కూలరు, లైన్లు అన్నీ కడగాలి. పాత పొట్టు ఎక్కడ మిగిలినా కొత్త పంపును కూడా గీసేస్తుంది.