బాల్సమిక్ డ్రెస్సింగ్ కలిపే ముందు వెనిగర్ రుచి చూడండి

సలాడ్‌లోకి వినెగ్రెట్, అంటే వెనిగర్, నూనె కలిపిన డ్రెస్సింగ్ ఎలా కలపాలని ఎవరిని అడిగినా ఒకటే లెక్క చెబుతారు. వెనిగర్ ఒక వంతు, నూనె మూడు వంతులు. మామూలు వైన్ వెనిగర్‌కి ఆ లెక్క సరిపోతుంది. ద్రాక్షరసంతో చేసే బాల్సమిక్ వెనిగర్‌కి మాత్రం కళ్లు మూసుకుని అదే వాడితే ఒక సీసాతో జిడ్డుగా వస్తుంది, ఇంకో సీసాతో పళ్లు పులిసిపోతాయి. ఆ పేరుతో షాపులో దొరికే సీసాలన్నీ ఒక రుచిలో ఉండవు మరి. గుంటూరులో మా ఇంట్లో వేసవి వచ్చిందంటే ఆవకాయ పెట్టి తెలిసినవాళ్లకి అమ్ముతాం. మామిడికాయ ముక్క కొరికి పులుపు చూడనిదే ఉప్పు కొలవం. దీనికీ అదే పద్ధతి: ముందు వెనిగర్ నాలుక మీద వేసుకుని చూసి, నూనె ఎంతో తర్వాత తేల్చుకోవాలి.

ముందు సీసా సంగతి. బాల్సమిక్ ఇటలీలోని మోదెనా, రెజ్జో ఎమీలియా ప్రాంతాలది. అక్కడి పాత పద్ధతి వేరే లోకం. ద్రాక్షరసాన్ని కాచి, చెక్క పీపాల్లో కనీసం 12 ఏళ్లు మాగనిస్తారు. ఏళ్లు గడిచేకొద్దీ చిక్కబడుతుంది కాబట్టి పెద్ద పీపాలోంచి చిన్న పీపాలోకి మారుస్తూ వస్తారు. 25 ఏళ్లు దాటినదాన్ని ఇంకో మెట్టు పైన పెడతారు. మోదెనాలో దాన్ని 100 మిల్లీలీటర్ల సీసాల్లో నింపుతారు, ఖరీదు గుండె గుభేల్మనేలా ఉంటుంది. దాన్ని సలాడ్ డ్రెస్సింగ్‌లో కలపడం పాపం. ఎవరైనా బహుమతిగా ఇస్తే పండు ముక్కల మీద చుక్కలు వేసుకోండి.

మనకి కావలసింది రెండో రకం. మోదెనా బాల్సమిక్ అని రాసి, పసుపు, నీలం రంగుల గుండ్రటి ఐజీపీ లేదా పీజీఐ ముద్ర (ఫలానా ప్రాంతం పేరుకి ఇచ్చే గుర్తింపు) ఉంటుంది. 2009లో ఐరోపా యూనియన్ ఆ పేరుకి రక్షణ ఇచ్చింది. దీంట్లో ద్రాక్షరసంతో పాటు వైన్ వెనిగర్ కలుస్తుంది, కనీసం 60 రోజులు చెక్కలో ఉంచుతారు, పులుపు కనీసం 6 శాతం ఉండాలి. కొనేటప్పుడు సీసా వెనక్కి తిప్పి పదార్థాల వరుస చదవండి. ద్రాక్షరసం ముందు ఉండి వైన్ వెనిగర్ తర్వాత ఉంటే తియ్యగా, కాస్త చిక్కగా ఉంటుంది. వెనిగర్ ముందు ఉంటే పల్చన, పులుపు ఎక్కువ. రంగు కోసం కొద్దిగా కారమెల్ కలపడానికి నిబంధనలు ఒప్పుకుంటాయి కాబట్టి అది కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. నల్లగా ఉంటే మంచిదనుకోవడం మాత్రం మానుకోండి.

పక్కనే మెత్తటి ప్లాస్టిక్ సీసాలో బాల్సమిక్ గ్లేజ్ అని ఇంకోటి అమ్ముతారు. చిక్కదనం కోసం దాంట్లో పిండి పదార్థమో పంచదారో కలుపుతారు. అలంకారానికి బాగుంటుంది గానీ డ్రెస్సింగ్‌కి పనికిరాదు. నూడుల్స్ బండి మీద ఉండే తెల్ల వెనిగర్ కూడా దీనికి బదులు కాదు.

బ్రాడీపేట, లక్ష్మీపురం సూపర్ మార్కెట్లలో నూడుల్స్, పాస్తా ఉండే వరుసలో వెతకండి. విజయవాడ వాళ్లయితే బెంజ్ సర్కిల్ వైపు పెద్ద షాపుల్లో చూడొచ్చు. లేదంటే ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి. వెనిగర్‌ని ఫ్రిజ్‌లో పెట్టక్కర్లేదు, పొయ్యికి దూరంగా అలమరలో ఉంచితే ఏళ్లు నిలుస్తుంది.

నూనె దగ్గర నాకు పట్టింపు ఎక్కువ. ఆలివ్ నూనె అని రాసినవన్నీ పచ్చిగా వాడేవి కావు. ఎక్స్‌ట్రా వర్జిన్ తీసుకోండి. పోమాస్ అని ఉన్నది పిండగా మిగిలిన పిప్పి నుంచి రసాయనంతో తీసి శుద్ధి చేసినది. వేపుళ్లకి సరే, దీనికి వద్దు. లైట్ అని రాసి ఉంటే రుచి, రంగు తేలిక అని అర్థం, కొవ్వు తక్కువని కాదు. ఇంకో మాట. మన ఊళ్లలో మే నెల ఎండకి వంటగదే ఒక పొయ్యి. లీటరు సీసా చవకగా వస్తుందని కొంటే సగం అయ్యేసరికి పాతబడ్డ వాసన పట్టుకుంటుంది. పావు లీటరుదో అర లీటరుదో కొని, చీకటిగా ఉండే చోట పెట్టి, త్వరగా వాడేయండి.

అంత ఖరీదు ఎందుకనుకుంటే సగం ఆలివ్, సగం గానుగ నువ్వుల నూనె కలపొచ్చు. ఆవకాయకి వాడే నువ్వుల నూనే. వేయించిన నువ్వులతో తీసే చైనా వంటల నూనె కాదు, అది మిగతా రుచులన్నిటినీ మింగేస్తుంది. అసలు నన్నడిగితే డబ్బు వెనిగర్ మీద పెట్టి, నూనెలో ఇలా సర్దుకోవడమే తెలివి. వేరుశనగ నూనె మాత్రం నాకు నచ్చలేదు, పచ్చిగా వేస్తే పల్లీ వాసనే పైకి వస్తుంది.

ఇక ఆవాలు. వెనిగర్, నూనె వాటంతట అవి కలిసి ఉండవు. ఎంత గిలకొట్టినా నిమిషంలో విడిపోతాయి. ఆవాల పొట్టులో జిగురు ఉంటుంది, అది నూనె బొట్లని మళ్లీ ఒకటి కాకుండా ఆపుతుంది. అందుకే ఫ్రెంచ్ వాళ్ల ఆవముద్ద, డిజోన్ మస్టర్డ్ వేస్తారు. ఆ సీసా ఇంట్లో లేకపోతే ఆవకాయకి కొట్టించిన ఆవపిండి ఉంటుంది కదా. అర టీస్పూను పిండిలో ఒక టీస్పూను చల్లటి నీళ్లు పోసి పది నిమిషాలు వదిలేయండి. ఘాటు నీళ్లు తగిలాకే పుడుతుంది. వేడినీళ్లు పోస్తే పుట్టదు, మొదటే వెనిగర్‌లో వేసినా సరిగా పుట్టదు. పది నిమిషాలయ్యాక వెనిగర్‌లో కలిపితే వచ్చిన ఘాటు నిలబడుతుంది. మన ఆవపిండికి కాస్త చేదు ఎక్కువ కాబట్టి కింది కొలతలో ఉన్న తేనెకి తోడు ఇంకో పావు టీస్పూను వేసుకోండి.

నలుగురికి సరిపోయే కొలత ఇది: బాల్సమిక్ రెండు టేబుల్ స్పూన్లు, నూనె నాలుగు నుంచి ఆరు టేబుల్ స్పూన్లు, మస్టర్డ్ ఒక టీస్పూను లేదా నానిన ఆవముద్ద, ఉప్పు పావు టీస్పూను, తేనె అర టీస్పూను, అప్పుడే దంచిన మిరియాలు కొద్దిగా. టేబుల్ స్పూనంటే 15 మిల్లీలీటర్లు. గరిటెలతో కొలవకండి.

గాజు గిన్నెలో వెనిగర్ పోసి ముందు ఉప్పు వేసి కరిగేదాకా తిప్పండి. ఇది దాటేయొద్దు. ఉప్పు నూనెలో కరగదు, చివర్లో వేస్తే సలాడ్ తింటుంటే పంటికింద తగులుతుంది. తర్వాత మస్టర్డ్, తేనె, మిరియాలు వేసి కలపండి. అప్పుడు నూనెని సన్నటి ధారగా పోస్తూ ఫోర్కుతో గాని చిన్న కవ్వంతో గాని ఆపకుండా గిలకొట్టాలి. నాలుగు స్పూన్లు పడేసరికి నలుపు పోయి గోధుమ రంగులోకి తిరిగి, చెంచాకి పట్టేంత చిక్కబడుతుంది. అక్కడ ఆగి రుచి చూడండి. వెనిగర్ తియ్యటిదైతే ఇంతే చాలు. ఇంకా చురుక్కుమంటే ఒక్కో స్పూనే పెంచుకుంటూ ఆరు దాకా వెళ్లండి. ఇంత ఓపిక లేనివాళ్లు ఖాళీ జామ్ సీసాలో అన్నీ పోసి మూత బిగించి అర నిమిషం ఊపేయొచ్చు. రోజువారీకి నేనూ అదే చేస్తాను. ఉప్పు మాత్రం అక్కడా వెనిగర్‌లోనే ముందు.

విజయవాడలో ఉండే మా చెల్లెలి కూతురు ఫోన్ చేసి, "పెద్దమ్మా, మిక్సీలో ఒక్క తిప్పు తిప్పితే అయిపోదా?" అంది. అవుతుందమ్మా, కానీ చేదయ్యే ప్రమాదం ఉంది. ఎక్స్‌ట్రా వర్జిన్ నూనెలో ఉండే చేదు పదార్థాలు మిక్సీ బ్లేడు వేగానికి బయటపడొచ్చు. తర్వాత ఎంత తేనె పోసినా ఆ చేదు అడుగున ఉండనే ఉంటుంది.

రుచి చూడటం చెంచాతో కాదు, ఆకుతో. విడిగా నాకితే ఏ డ్రెస్సింగైనా ఘాటుగానే ఉంటుంది. సలాడ్‌లో వేయబోయే ఆకో, కీరా ముక్కో ముంచి తినండి. పులుపెక్కువైతే నూనె, జిడ్డుగా ఉంటే అర స్పూను వెనిగర్. ఏదో తక్కువైందని అనిపించి ఏమిటో తెలియకపోతే, అది తొంభై పాళ్లు ఉప్పే. పంచదార డబ్బా దగ్గరకి వెళ్లేముందు చిటికెడు ఉప్పు వేసి చూడండి.

కారం లేకుండా ఎలా తినడం అని గుంటూరులో ఎవరో ఒకరు అడక్కుండా ఉండరు. మెత్తటి కారప్పొడి వద్దు, ముద్దలా అడుగున పేరుకుంటుంది. ఎండుమిరపకాయని కచ్చాపచ్చాగా దంచి, కలపబోయే నూనెలో పది నిమిషాలు నానబెట్టండి. మిరప ఘాటు నీటిలో కన్నా నూనెలో బాగా దిగుతుంది, అంతటా సమంగా పాకుతుంది. తేజ రకమైతే అర కాయ చాలు.

వాడే దగ్గర మొదటి శత్రువు తడి. కడిగిన ఆకు మీద నీళ్లుంటే డ్రెస్సింగ్ పట్టదు, జారి గిన్నె అడుక్కి పోతుంది. పచ్చడి జాడీకి తడి తగలకుండా ఎంత చూస్తామో ఇక్కడా అంత చూడాలి. లెట్యూస్ షాపులోనే వడిలి ఉంటే ఐసు నీళ్లలో పది నిమిషాలు ముంచితే లేస్తుంది. తర్వాత పాత కాటన్ పంచెలో చుట్టి బాగా ఆరనివ్వండి. డ్రెస్సింగ్ గిన్నె అడుగున పోసి, పైన ఆకు వేసి, చేత్తో కింద నుంచి పైకి కలపండి. నలుగురి ఆకుకి మూడు టేబుల్ స్పూన్లతో మొదలుపెట్టండి. కలిపిన వెంటనే తినేయాలి, ఉప్పు, పులుపు తగిలిన ఆకు పది నిమిషాల్లో మెత్తబడిపోతుంది.

లెట్యూస్ దొరక్కపోతే దిగులు వద్దు. లేత పాలకూర, సన్నగా తరిగిన క్యాబేజీ, కీరా, ముల్లంగి, ఉల్లిపాయ చక్రాలు, రైతు బజార్లో ఆ పూట ఏది బాగుంటే అది. చుక్కకూర ఆకులు నాలుగు వేస్తే వెనిగర్ అర స్పూను తగ్గించండి. ఉడికించిన బీట్‌రూట్‌కి, బాల్సమిక్‌కి మాత్రం జోడీ కుదిరినట్టు ఇంకెక్కడా కుదరదు. దాంట్లో నాలుగు వేయించిన పల్లీలు వేయండి. ఉడికించిన శనగలు, అలసందలు అయితే వేడి మీదే కలపాలి, అప్పుడే లోపలికి పీల్చుకుంటాయి. వంకాయని చక్రాలు కోసి పెనం మీద నూనెతో రెండు వైపులా కాల్చి, దించగానే పైన పోసి చూడండి. మా ఇంట్లో సలాడ్ అంటే మొహం తిప్పేవాళ్లు కూడా అది రెండోసారి అడిగారు. బంగినపల్లి ముక్కల్లోకి తేనె లేకుండా కలపండి. పన్నీర్, చికెన్ ముక్కలకి పట్టించి అరగంట ఉంచి కాల్చుకోవచ్చు గానీ మంట తక్కువగా పెట్టాలి, దాంట్లో ఉన్న తీపి త్వరగా మాడుతుంది. పెరుగన్నం దగ్గరకి మాత్రం తీసుకెళ్లకండి.

నిల్వ గురించి నన్ను చాలామంది అడుగుతారు, పచ్చళ్లు పెట్టేదాన్ని కాబట్టి. ఆవకాయని కాపాడేది దాంట్లోని ఉప్పు, పులుపు. ఇక్కడ ఉప్పు పావు స్పూనే, బయట పెట్టే సాహసం వద్దు. గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో ఉంచితే వారం పది రోజులు బాగుంటుంది. ఇత్తడి, అల్యూమినియం గిన్నెల్లో ఉంచకండి, పులుపుకి లోహం దిగుతుంది. పచ్చి వెల్లుల్లి వేసినదైతే మూడు రోజుల్లో అయిపోవాలి. నూనెలో మునిగిన పచ్చి వెల్లుల్లిని బయట ఉంచితే బాటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు తెచ్చే విషం పుట్టే అవకాశం ఉంది, వాసనతో, రుచితో అది తెలియదు కూడా. వెల్లుల్లి కావాలనుకుంటే ఆ పూటకి సరిపడా డ్రెస్సింగ్‌లోనే నలిపి వేసుకోండి.

ఫ్రిజ్‌లోంచి తీసినప్పుడు పైన నెయ్యిలా పేరుకుని కనిపిస్తే పాడైందని పారబోయకండి. ఆలివ్ నూనె చలికి గడ్డకడుతుంది. చలికాలంలో పావుగంట, మన వేసవిలో ఐదు నిమిషాలు బయట ఉంచి మూత బిగించి ఊపితే మళ్లీ కలుస్తుంది. చివరికి సీసా గోడలకి అంటుకుని ఒక స్పూనంత మిగులుతుంది. దాంట్లోనే కీరా, టమాటా ముక్కలు వేసి మూత పెట్టి ఊపండి, సీసా కడగడం కూడా తేలికవుతుంది.