లైవ్ స్ట్రీమ్‌లో ప్రిడిక్షన్ పెట్టడం ఎలా? (పైసా పందెం లేకుండా)

స్ట్రీమ్‌లో బీజీఎంఐ (చివరిదాకా బతికినవారు గెలిచే మొబైల్ షూటింగ్ ఆట) ఆడుతుంటే చాట్‌లో ఒకరు "అన్నా, ఈసారి టాప్ 5 పక్కా" అంటారు. ఇంకొకరు "అంత సీన్ లేదు" అంటారు. ఆ వాదనకు పాయింట్లు (స్ట్రీమ్ చూస్తుంటే ఉచితంగా పోగయ్యేవి, డబ్బు కాదు) జోడిస్తే అదే ప్రిడిక్షన్. లైవ్ స్ట్రీమింగ్ సైట్ ట్విచ్ 2020లో తెచ్చిన ఈ ఫీచర్ అఫిలియేట్, పార్ట్‌నర్ ఛానెళ్లకు (అక్కడ సంపాదించే అర్హత పొందినవాటికి) దొరుకుతుంది. యూట్యూబ్ లైవ్‌లో పోల్ పెట్టుకోవచ్చు గానీ, అందులో ఓడితే పోయేదేమీ ఉండదు. అందుకే నచ్చింది నొక్కేసి ఊరుకుంటారు.

డబ్బు జోలికి మాత్రం వెళ్లకండి. ఏం జరుగుతుందో ఊహించి పందెం కాసే పాలీమార్కెట్, కాల్షీ లాంటి సైట్లలో నడిచేవి అసలు డబ్బులు. మన దగ్గర డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలపై తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి నిషేధం ఉంది. 2025 ఆగస్టులో కేంద్ర చట్టమూ వచ్చింది. గెలిచినవారికి ఫోన్‌పే చేస్తానని సరదాకి కూడా అనొద్దు.

మొదట ప్రశ్న రాయండి. సగం పని ఇక్కడే. ఒకసారి నేను "ఈ మ్యాచ్ బాగా ఆడతానా?" అని పెట్టాను. ఆరు కిల్స్ చేసి పదకొండో స్థానంలో పోయాను. బాగా ఆడినట్టా, కాదా? చాట్‌లో అరగంట గొడవ. అప్పటి నుంచి "టాప్ 5లో ఉంటామా?" అనే అడుగుతున్నా. మ్యాచ్ అయ్యాక స్క్రీన్ మీద కనిపించే అంకెతో తేలేదే ప్రశ్న. ఆప్షన్లు 10 వరకు ఇవ్వొచ్చు, కానీ రెండుంటేనే మజా.

తర్వాత చాట్‌లో స్లాష్ కొట్టి ప్రిడిక్షన్ అని ఇంగ్లిష్‌లో టైప్ చేస్తే బాక్స్ తెరుచుకుంటుంది. ప్రశ్న, ఆప్షన్లు నింపి, టైమ్ రెండు నిమిషాలు పెట్టండి. లాబీలో ఉండగానే మొదలుపెట్టి, విమానంలోంచి దూకేలోపు మూసేయాలి. ఎందుకంటే మీ స్ట్రీమ్ చూసేవారికి కొన్ని సెకన్లు ఆలస్యంగా చేరుతుంది. ఆట మొదలయ్యాక కూడా పందెం తెరిచే ఉంటే, మీ స్క్వాడ్‌లోనే ఆడుతున్న ఫ్రెండ్‌కి చాట్ కంటే ముందే సంగతి తెలిసిపోతుంది.

లెక్క ఇలా నడుస్తుంది. "ఉంటాం" వైపు 9,000 పాయింట్లు, "ఉండం" వైపు 3,000 పడ్డాయనుకుందాం. మొత్తం 12,000. గెలిచిన వైపువారు తాము పెట్టినదాన్ని బట్టి దీన్ని పంచుకుంటారు. "ఉండం" గెలిస్తే అటు పెట్టినవారికి నాలుగింతలు వస్తాయి: 500 పెట్టినవారికి 2,000. "ఉంటాం" గెలిస్తే అదే 500కి 666 మాత్రమే. అంటే మీ టాప్ 5 ఛాన్స్‌ని చాట్ 75 శాతంగా చూస్తోందన్నమాట. నాకైతే ఆ అంకె చూస్తే ఆటకంటే ఎక్కువ టెన్షన్! పాత వ్యూయర్ ఒక్కరే పాయింట్లు కుమ్మరించి లెక్కను ఒక పక్కకి లాగేయొచ్చు కూడా. ఒకరు పెట్టగలిగే పరిమితి 2,50,000. పాలీమార్కెట్‌లోలా మధ్యలో అమ్ముకుని బయటపడే వీలు ఇక్కడ లేదు.

రిజల్ట్ నొక్కే పని మోడరేటర్‌కి అప్పగించండి, ఆ మోడరేటర్ పందెంలో ఉండకూడదు. నెట్ పోయి మ్యాచ్ ఆగిపోతే క్యాన్సిల్ చేసి పాయింట్లు వాపస్ ఇచ్చేయండి. మర్చిపోయినా, 24 గంటలు దాటాక ట్విచ్చే తిరిగి ఇచ్చేస్తుంది.