ఇంటి గిగాబిట్ నెట్‌వర్క్‌లో ఫైళ్లు వేగంగా కదలాలంటే

గిగాబిట్ లింకు (సెకనుకు 1000 మెగాబిట్లు మోసే కనెక్షన్; ఎనిమిది బిట్లు ఒక బైట్) మీద పెద్ద ఫైలు సెకనుకు దాదాపు 110 మెగాబైట్ల వేగంతో వెళ్లాలి. 11 దగ్గరే ఆగిపోతోందంటే, లింకు 100 మెగాబిట్లకు పడిపోయి ఉండవచ్చు. బెంగళూరు మారతహళ్లి వైపు అద్దె ఫ్లాట్లలోనైతే గోడలో ముందే వేసి ఉంచిన కేబుల్‌నే మొదట అనుమానించాలి. గిగాబిట్‌కు ఎనిమిది తీగలూ అవసరం, 100 మెగాబిట్లకు నాలుగే చాలు. కనుక సాకెట్ వెనుక గోధుమ రంగు తీగ ఒక్కటి ఊడినా, ఇంటర్నెట్ మామూలుగానే నడుస్తూ లోపాన్ని కప్పిపుచ్చుతుంది.

సాకెట్ విప్పి చూసిన తరువాత, రెండు కంప్యూటర్లను క్యాట్ 5ఈ కేబుళ్లతో (గిగాబిట్‌ను మోయగల రకం) నేరుగా రూటరుకు కలిపి, నెట్‌వర్క్ వేగాన్ని కొలిచే ఐపెర్ఫ్3 ప్రోగ్రామ్‌తో కొలవండి. (వైఫై మీద ఈ కొలత తీయడం వృథా శ్రమ.) 940 మెగాబిట్ల దరిదాపుల్లో వస్తే లోపం డిస్కుది కావచ్చు: యూఎస్‌బీ 2.0 పోర్టుకు తగిలించిన డిస్కు 40 మెగాబైట్లు దాటడం అరుదు. ఒక్కో ఫైలుకూ విడిగా కొంత సమయం పోతుంది కనుక, వేలకొద్దీ చిన్న ఫొటోలను కుదించకుండా ఒకే జిప్‌గా కట్టి పంపడం మేలు.