స్క్వాట్లు ఎన్ని చేసినా పెరగని ముందు తొడ కండను ఎలా పెంచాలి?

స్క్వాట్ అంటే భుజాల మీద బరువు పెట్టుకుని కూర్చుని లేవడం. ఆ బరువు నెలనెలా పెరుగుతూనే ఉంటుంది. పిరుదులు నిండుతాయి, తొడ బయటివైపు ఉబ్బుతుంది. అద్దం ముందు పక్కకు తిరిగి నిలబడితే మాత్రం తొడ ముందు భాగం నడిమధ్యన చదునుగా, మోకాలి పైన లోపలివైపు ఖాళీగా కనిపిస్తుంది. అప్పుడు చాలామంది చేసే పని ఒకటే, ఇంకాస్త బరువెక్కించి మళ్లీ అవే స్క్వాట్లు. నేనూ రెండేళ్లు అదే చేశాను. తొడలో ఒక భాగం వెనకబడిందంటే, దానికి పని పడే కోణాన్ని మనం రోజూ తప్పించుకుంటున్నామని అర్థం. ఆ కోణం ఏదో కనిపెడితే సగం పని అయినట్టే.

తొడ ముందు వైపు నాలుగు కండరాలుంటాయి. బయటివైపున వాస్టస్ లాటరాలిస్. లోపలివైపున, మోకాలి చిప్పకు కాస్త పైన నీటిబొట్టులా కనిపించేది వాస్టస్ మీడియాలిస్. ఈ రెండింటి మధ్య లోతుగా దాక్కున్నది వాస్టస్ ఇంటర్మీడియస్. ఈ మూడూ తొడ ఎముక మీదే మొదలవుతాయి. నాలుగోది రెక్టస్ ఫెమోరిస్. తొడ మధ్యలో నిలువుగా, పైపైనే ఉంటుంది. ఇది మాత్రం తుంటి ఎముక దగ్గర మొదలై మోకాలి దాకా వస్తుంది కాబట్టి రెండు కీళ్లను దాటుతుంది. మోకాలు చాపడంతో పాటు తొడను పైకి ఎత్తే పని కూడా దానిదే.

స్క్వాట్ దానికి సరిపోకపోవడానికి కారణం అక్కడే ఉంది. కిందికి కూర్చుంటుంటే మోకాలు మడుచుకుని ఈ కండరం కింది చివర సాగుతుంది. అదే సమయంలో తుంటి మడుచుకుని పై చివర వదులవుతుంది. లేచేటప్పుడు దీనికి తలకిందులు. ఒక చివర లాగుతుంటే మరో చివర వదిలేస్తుంది కాబట్టి మొత్తం మీద దాని పొడవు పెద్దగా మారదు. పైగా లేవాలంటే తుంటి తెరుచుకోవాలి, ఈ కండరం బిగిస్తే తుంటిని మడవబోతుంది. అందుకని బరువులో ఎక్కువ పాలు మిగతా మూడే మోసేస్తాయి. కూర్చుని కాళ్లతో బరువును తోసే లెగ్ ప్రెస్‌లోనూ ఇదే కథ.

మొదటి పని: ఎక్కడ తగ్గిందో చేత్తో చూడండి

కుర్చీలో కూర్చుని ఒక కాలు పూర్తిగా చాపి, మోకాలు బిగించి ఐదు సెకన్లు ఆపండి. మోకాలి చిప్ప లోపలి అంచుకు మూడు వేళ్ల పైన నొక్కి చూడండి. అక్కడ గట్టి ముద్ద తగలాలి. మెత్తగా, పల్చగా ఉంటే తగ్గింది నీటిబొట్టు కండరం. ఇప్పుడు అదే కాలును చాపి ఉంచే కుర్చీ మీద నుంచి నాలుగు వేళ్లు పైకి లేపండి. తొడ మధ్యలో తాడులా పైకి తేలేది రెక్టస్ ఫెమోరిస్. దాన్ని పై నుంచి కింది దాకా వేళ్లతో తడిమితే బలమెంతో తెలిసిపోతుంది.

తర్వాత టేపు తీసుకోండి. మోకాలి చిప్ప పై అంచు నుంచి 10 సెంటీమీటర్ల పైన ఒకసారి, 20 సెంటీమీటర్ల పైన ఒకసారి, రెండు కాళ్లకూ కొలిచి రాసుకోండి. వ్యాయామం అయ్యాక కొలవొద్దు. అప్పుడు రక్తం పట్టి కండ ఉబ్బి ఉంటుంది, అంకె అబద్ధం చెబుతుంది. పొద్దున్నే కొలవడం మంచిది. రెండు కాళ్ల మధ్య సెంటీమీటరు తేడా ఉంటే కంగారు పడనక్కర్లేదు.

ఇంకొకటి. ఫోన్‌ను మోకాలి ఎత్తులో పక్కన పెట్టి మీ స్క్వాట్‌ను వీడియో తీయండి. నేను నేలకు తగిలేంత కిందికి కూర్చుంటున్నాననే అనుకునేవాణ్ని. వీడియోలో చూస్తే తొడ నేలకు సమాంతరంగా రావడానికి ఇంకా జానెడు మిగిలి ఉంది! చివరి సెట్లలో (సెట్ అంటే ఆపకుండా వరుసగా చేసే ఒక విడత) అయితే మరీ అన్యాయం, వంగి దండం పెట్టినట్టుంది.

తొడ మధ్య భాగం తగ్గితే

లెగ్ ఎక్స్‌టెన్షన్ మెషీన్ (కూర్చుని, మోకాలు చాపుతూ కాళ్లతో బరువు ఎత్తేది) దీనికి మొదటి మందు, కానీ అందరూ కూర్చునే పద్ధతిలో కాదు. వీపు నిటారుగా పెట్టో, ముందుకు వంగో తన్నితే తుంటి మడిచే ఉంటుంది, రెక్టస్ ఫెమోరిస్ పై చివర వదులుగానే మిగులుతుంది. వీపు దిండును వీలైనంత వెనక్కి జరిపి, దాని మీద వాలి పడుకున్నట్టు కూర్చోండి. మోకాలి కీలు మెషీన్ తిరిగే ఇరుసుకు సరిగ్గా ఎదురుగా ఉండాలి. పక్క పిడులు గట్టిగా పట్టుకుని పిరుదులు సీటు మీంచి లేవకుండా చూసుకోండి. బరువు ఎక్కువైతే మొదట లేచేవి అవే.

కాళ్లు చాపి పైన ఒక సెకను ఆపండి, మూడు సెకన్లు తీసుకుని దించండి. ఇంతకు ముందు ఎత్తే బరువులో మూడో వంతు తగ్గించుకోవాల్సి రావచ్చు, సిగ్గు పడొద్దు. 10 నుంచి 15 సార్లు చేస్తే చివరి రెండు మూడు సార్లకు తొడ నడుమ మంట పుట్టాలి. మంట మోకాలి చిప్ప కింద పుడుతుంటే మాత్రం ఆపేసి, బరువు తగ్గించి, సీటు సర్దుకోండి.

మెషీన్ లేకపోతే రివర్స్ నార్డిక్ చేయొచ్చు. మెత్తటి మ్యాట్ మీద మోకాళ్లపై నిలబడండి. పిరుదులు బిగించి, మోకాలి నుంచి భుజం దాకా శరీరాన్ని పలకలా ఉంచి, నెమ్మదిగా వెనక్కి వాలండి. కొంచెం వాలగానే తొడ ముందు భాగం నిలువునా సాగుతున్నట్టు లాగుతుంది. ఇంకాస్త వాలితే నడుము దానంతట అదే మడుచుకోవాలని చూస్తుంది. ఆ క్షణమే ముఖ్యం. నడుము మడిచేస్తే లాగుడు మాయమవుతుంది, పని కూడా దాంతోనే పోతుంది. మడవకుండా ఎంత దూరం పోగలిగితే అంతే పోయి, అక్కణ్నుంచే లేవండి. పట్టు తప్పుతుందనిపిస్తే ఎదురుగా తలుపు చట్రాన్నో, కట్టిన రబ్బరు బ్యాండ్‌నో పట్టుకోండి. మొదటి వారం ఐదేసి చొప్పున రెండు సెట్లు చాలు. అంతకు మించితే రెండు రోజులు మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకోవాల్సి వస్తుంది.

మోకాలి పైన నీటిబొట్టు తగ్గితే

పాదాలు బయటికి తిప్పితే ఈ కండరం ఒక్కటే పని చేస్తుందని జిమ్‌లో ఎవరో ఒకరు చెబుతారు. నిజానికి దాన్ని పక్కవాటి నుంచి పూర్తిగా విడదీసి పని చేయించడం కుదరదు. చేయగలిగింది మోకాలిని పూర్తిగా మడవడం, పూర్తిగా చాపడం. సగం స్క్వాట్లలో లేనిది మొదటిదే.

మడమల కింద రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తున్న పలకో, బరువు ప్లేటో పెట్టి స్క్వాట్ చేయండి. మడమ లేస్తే మోకాలు ముందుకు వస్తుంది, నడుము నిటారుగా నిలుస్తుంది, ఇంకా కిందికి దిగగలుగుతారు. తొడ వెనక భాగం పిక్కను తాకే దాకా దిగి లేవండి. మోకాలు కాలివేళ్లను దాటకూడదని భయపెడుతుంటారు గానీ, నొప్పి లేని మోకాలికి అది సహజమైన కదలికే. బరువు మాత్రం మెల్లగా పెంచాలి.

దీనికి తోడు స్టెప్ డౌన్ చేయండి. 15 నుంచి 20 సెంటీమీటర్ల ఎత్తున్న మెట్టు మీద ఒంటికాలిపై నిలబడి, రెండో కాలి మడమ నేలను ముద్దుపెట్టుకున్నంత తేలిగ్గా తాకేలా మూడు సెకన్లలో దిగి లేవాలి. మోకాలు లోపలికి వాలకుండా రెండో వేలి వైపే చూస్తుండాలి. చూడ్డానికి పిల్లల ఆటలా ఉంటుంది. పదో సారికి కాలు వణుకుతుంది.

ఒక కాలే సన్నగా ఉంటే

ఒంటికాలితో చేయగలిగే ప్రతి వ్యాయామాన్నీ అలాగే, బలహీనమైన కాలితోనే మొదలుపెట్టండి. అది పదకొండు సార్లు చేయగలిగితే రెండోదానికీ పదకొండే, ఓపిక ఉన్నా పన్నెండోది వద్దు. దెబ్బ తగిలాకో, ఆపరేషన్ తర్వాతో కాలు సన్నబడి ఉంటే, మోకాలిలో వాపు ఉన్నంత కాలం ఈ కండరాలు పూర్తిగా బిగుసుకోవు. అప్పుడు బరువులు పెంచడం దండగ. ముందు ఫిజియోథెరపిస్టుకు చూపించుకోండి.

వారంలో ఎలా సర్దుకోవాలి?

రెండు రోజులు చాలు, మధ్యలో కనీసం రెండు రోజుల విరామం ఉండాలి. మొదటి రోజు ఐదు పది నిమిషాలు వార్మప్ చేసి, వాలి కూర్చున్న లెగ్ ఎక్స్‌టెన్షన్ మూడు నాలుగు సెట్లు, తర్వాత మడమ ఎత్తు స్క్వాట్ 8 నుంచి 12 సార్ల చొప్పున మూడు సెట్లు. రెండో రోజు రివర్స్ నార్డిక్ (మొదటి వారం దాటాక) మూడు సెట్లు, స్టెప్ డౌన్ కాలికి 10 నుంచి 12 సార్ల చొప్పున మూడు సెట్లు. వెనకబడిన భాగానికి పని ఎప్పుడూ మొదట్లోనే, ఒంట్లో ఓపిక ఉండగానే పడాలి. దీని వల్ల తర్వాత చేసే స్క్వాట్ బరువు తగ్గుతుంది, తగ్గనివ్వండి. పాత స్క్వాట్ సెట్లలో సగమైనా తీసేయండి. వాటిని అలాగే ఉంచి ఇవన్నీ పైన పేరిస్తే మోకాళ్లు మొరాయిస్తాయి.

ప్రతి సెట్టూ ఇంకొకటి రెండు సార్లు మాత్రమే చేయగలం అన్న చోట ఆపండి. అన్ని సెట్లలోనూ పై అంకె (8 నుంచి 12 అయితే 12) అందుకున్నాక చిన్న ప్లేటు ఒకటి కలపండి. తిండిలో ప్రొటీన్ కూడా తగ్గకూడదు. కండ పెరగాలనుకునేవాళ్లకు రోజుకు ఒక్కో కిలో శరీర బరువుకు 1.6 గ్రాములు సరిపోతుంది.

నాలుగు వారాలకోసారి టేపు తీయండి. కంటికి తేడా కనిపించడానికి రెండు మూడు నెలలు పడుతుంది. కండ ఎక్కడ ఆగి, ఎముకకు అతికే తాడులా సన్నబడుతుందో అది పుట్టుకతో వచ్చేది కాబట్టి, కొందరిలో నీటిబొట్టు మోకాలికి బాగా పైనే ముగుస్తుంది. దాన్ని లావు చేయగలం గానీ కిందికి దించలేం. తొడ కొలతతో పాటు నడుము కొలతా పెరుగుతుంటే పెరిగింది కండ ఒక్కటే కాదు. 20 సెంటీమీటర్ల దగ్గర అంకె కదిలి, 10 దగ్గర కదలకపోతే లెగ్ ఎక్స్‌టెన్షన్‌లో ఒక సెట్టు తగ్గించి, స్టెప్ డౌన్‌కు ఒక సెట్టు కలపండి. చేతిలో చిన్న డంబెల్ పట్టుకోండి.