ర్యాప్ వీడియో మనమే తీద్దాం – 4వ భాగం: ప్లేబ్యాక్

పోయిన భాగంలో లొకేషన్లు చూసుకున్నాం. ఈసారి ప్లేబ్యాక్, అంటే షూటింగ్‌లో పాట వినిపించడం. అండర్‌గ్రౌండ్ వీడియోల్లో, అంటే కంపెనీల అండ లేకుండా సొంతంగా తీసుకునేవాటిలో, డబ్బుల్లేక పాడైనవాటికన్నా పెదవులు పాటతో కలవక పాడైనవే ఎక్కువని నా గట్టి నమ్మకం, ఎందుకంటే ర్యాప్‌కి మాటే ప్రాణం, మాట ఒక దారిన నోరు ఒక దారిన పోతే ఎంత ఖరీదైన కెమెరా తెచ్చినా లాభం లేదు.

ముందు మిక్స్ చేసేవాళ్లని పట్టుకోండి. ఫైనల్ మిక్స్ కాకపోయినా పర్లేదు గానీ టెంపో, అంటే పాట వేగం, మాత్రం ఇక మారకూడదు. పాటకి ముందు నాలుగు టిక్కులు పెట్టించండి. 90 బీపీఎం (నిమిషానికి 90 బీట్లు) దగ్గర 16 బార్ల (బార్ అంటే నాలుగు బీట్లు) వెర్స్, అంటే ర్యాప్‌లో ఒక చరణం, 43 సెకన్లలోపే అయిపోతుంది, కాబట్టి మొత్తం ఒకే టేక్‌లో చెప్పించండి, ముక్కలు చేస్తే ఊపు పోతుంది.

స్లో మోషన్ కావాలా? అయితే ఇంకో ఫైల్ కూడా అడగాలి. సెకనుకి 50 ఫ్రేముల్లో తీసి 25లో చూపిస్తే కదలిక సగం వేగానికి పడుతుంది, కాబట్టి షూటింగ్‌లో పాట రెట్టింపు వేగంతో మోగాలి, రాపర్ ఆ వేగంతోనే పలకాలి. అసలే ఫాస్ట్‌గా ఉన్న ఫ్లోకి (రాపర్ మాటలు పలికే తీరుకి) ఇది దాదాపు అసాధ్యం. అప్పుడు 30 ఫ్రేముల్లో తీసి పాటని 1.2 రెట్లు పెంచితే చాలు, నోరు తిరుగుతుంది, నడకలో బరువూ వస్తుంది. చాలా కెమెరాలు స్లో మోషన్ మోడ్‌లో సౌండ్ రికార్డ్ చేయవు, అందుకే నాలుగో టిక్కుకి ఫ్రేమ్‌లో ఎవరో ఒకరు చప్పట కొట్టాలి. ఎడిటర్‌కి అదే ఆధారం.

స్పీకర్ ఎక్కడ పెట్టాలి? కెమెరా పక్కన కాదు, రాపర్ దగ్గర. వైజాగ్‌లో యారాడ కొండ మీద కెమెరా, కింద ఇసుకలో మనిషి ఉన్నారనుకోండి. శబ్దం సెకనుకి దాదాపు 340 మీటర్లే వెళ్తుంది, స్పీకర్ 34 మీటర్ల దూరంలో ఉన్నా రెండున్నర ఫ్రేములు వెనకబడతాం. ఫిషింగ్ హార్బర్‌లో బోటు ఇంజన్ల మోతకి స్పీకర్ పనిచేయదు, కెమెరాకి కనపడని వైపు చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టేయండి. "మావా, రెండో వెర్స్ నుంచి కొట్టు" అనగానే సరిగ్గా అక్కడి నుంచే పాట వేసే మనిషి ఒకరు విడిగా ఉండాలి, ఆ పని రాపర్‌కే అప్పజెప్పకండి. బీట్, మిక్స్, కెమెరా, ఎడిటింగ్ చేసినవాళ్ల పేర్ల పక్కన ఆ పేరు కూడా వేయండి, మన వీడియోల్లో ఎక్కువగా వదిలేసేది ఆ పేరే.

ఎడిటింగ్‌లో చప్పటని పాటలోని నాలుగో టిక్కుతో కలిపాక ప, బ, మ అక్షరాల దగ్గర ఆపి చూడండి. అక్కడ పెదవులు మూతపడి తీరాలి. పడకపోతే క్లిప్పుని ఒక్కో ఫ్రేమ్ జరపండి.

ఈ వారం పని: ఫోన్‌తోనే నాలుగు బార్లు మామూలుగా ఒకసారి, 1.2 వేగంతో ఒకసారి తీయండి. ఆ రెండు క్లిప్పులతోనే వచ్చే భాగంలో కటింగ్ మొదలుపెడదాం.