పెన్సిల్ కంటే ముందు పిండి ముద్ద

నర్సరీ పిల్లలకు పెన్సిల్ ఇస్తే పిడికిలి బిగించి పట్టుకుంటారు, రెండు గీతలకే చెయ్యి నొప్పి అంటారు, ఇంట్లోవాళ్లకేమో అ ఆలు ఇంకా రాలేదని టెన్షన్. ముందు వేళ్లకు బలం రావాలి, రాత తర్వాత అనేది నా పద్ధతి. అందుకే మా హన్మకొండ క్లాసులో కొనే క్లే మానేసి పిండి కలుపుతున్నా.

2 కప్పుల మైదా, అర కప్పు మెత్తటి ఉప్పు, 2 పెద్ద స్పూన్ల నూనె, చిటికెడు పసుపు. గోరువెచ్చని నీళ్లు ముప్పావు కప్పు దాకా పడతాయి, ఒకేసారి పోయకుండా కొద్దికొద్దిగా పోస్తూ చపాతీ పిండి కంటే కాస్త గట్టిగా కలిపి, 10 నిమిషాలు మూత పెట్టండి. (పసుపు మరక భయముంటే రంగే వద్దు.)

నిమ్మకాయంత ముద్ద ఇచ్చి సకినాలు చుట్టమనండి. సంక్రాంతికి నానమ్మ చుట్టుతుంటే చూసినవాళ్లే కదా, పెద్దగా నేర్పే పని ఉండదు. బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు కలిపి పిండిని మెలిపెడుతూ గుండ్రంగా తిప్పుతారు, పెన్సిల్‌కు కావాల్సిందీ ఆ మూడు వేళ్లే. రోజూ 10 నిమిషాలు చాలు. వంకర పోతే పోనీయండి, మీరు చెయ్యి పెట్టొద్దు.

ఏది దొరికితే అది నోట్లో పెట్టుకునే పిల్లలకు మాత్రం ఇది ఇవ్వకండి, ఉప్పు చాలా ఎక్కువ. మిగిలింది మూత గట్టిగా ఉన్న డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు, జిగురుగా అయినా వాసన మారినా పారేయడమే.